జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం: విశ్వవిద్యాలయ అధ్యాపకుల కృషి, గుర్తింపు, వృత్తివికాసం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఉత్తర తెలంగాణలోని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతం ఉన్నతవిద్యకు ఆలస్యంగా నోచుకున్న ప్రాంతం. అయినప్పటికీ ఇక్కడ పుట్టినవారిలో విశ్వవిద్యాలయాచార్యులుగా, ఉపకులపతులుగా దేశవ్యాప్త కీర్తి గడించినవారు ఉన్నారు. ఇక్కడి విద్యా, పరిశోధన సంస్థలలో పనిచేసిన అధ్యాపకుల కృషి రైతు పొలంలోనూ పశువుల పాకలోనూ ఫలించింది. ఈ కృషిలో దేనికి గుర్తింపు లభించింది, దేనికి లభించలేదు, అధ్యాపకులు బోధనలో రాణించడానికి ఏయే వ్యవస్థలు తోడ్పడ్డాయి అనే ప్రశ్నలను చారిత్రక దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. కవిత్వానికీ పరిశోధనకూ దక్కిన గౌరవం తరగతి గది బోధనకు దక్కలేదని, వృత్తివికాస శిక్షణ అధ్యాపకుని పనిచోటుకు దూరంగా ఉండిపోయిందని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, సినారె, సార్వత్రిక విశ్వవిద్యాలయం, పొలాస, అధ్యాపక శిక్షణ, పునశ్చరణ తరగతులు, గుర్తింపు.

1. ఉపోద్ఘాతం:

నేటి జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణ వరకు కరీంనగర్ జిల్లాలో భాగాలు. గోదావరికి దక్షిణాన, శ్రీరాంసాగర్ కాలువ నీటితో వరి పండించే మాగాణి జగిత్యాల, కోరుట్ల ప్రాంతానిది. మానేరు ఒడ్డున మరమగ్గాల చప్పుడుతో బతికే పట్టణం సిరిసిల్ల. నిజాం పాలనలో ఈ ప్రాంతపు విద్యార్థికి ఉర్దూ మాధ్యమమే గతి. డిగ్రీ చదువు కావాలంటే హైదరాబాదు వెళ్ళవలసిందే. అటువంటి నేలలో 21వ శతాబ్ది తొలి రెండు దశాబ్దాలు గడిచేసరికి సాంకేతిక, వ్యవసాయ, పశువైద్య కళాశాలలు వెలిశాయి.

ఈ మార్పును సాధారణంగా భవనాల లెక్కలోనో సీట్ల లెక్కలోనో చెప్పడం పరిపాటి. కాని విద్యాసంస్థ చరిత్ర అంటే అందులో పాఠం చెప్పినవారి చరిత్ర కూడా. వారు ఎలా నేర్చుకున్నారు, నేర్చినదాన్ని ఎలా అందించారు, సమాజం వారిని దేనికోసం గౌరవించింది అన్న ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే ఆ చరిత్ర సంపూర్ణమవుతుంది. ఈ వ్యాసం ఆ కోణంలో సాగుతుంది.

2. పండిత సత్కారం - వేములవాడ సంప్రదాయం:

పండితుని కృషిని బహిరంగంగా గౌరవించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. క్రీ.శ. 10వ శతాబ్దిలో వేములవాడ రాజధానిగా పాలించిన చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి, కన్నడ ఆదికవి పంపనికి ఆశ్రయమిచ్చాడు. విక్రమార్జున విజయ రచనకు ప్రతిఫలంగా ధర్మపురమనే అగ్రహారాన్ని ఇచ్చాడు. కవి సోదరుడు జినవల్లభుడు కుర్క్యాల గ్రామ సమీపంలోని బొమ్మలగుట్టపై సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో శాసనం చెక్కించాడు. ఆ శాసనంలోని తెలుగు కందపద్యాలు సాహిత్యచరిత్రలో విలువైన ఆధారాలు.

ఈ ఉదంతంలో గమనించదగిన అంశం ఒకటి ఉంది. అగ్రహారం బిరుదువంటిది కాదు. బిరుదు పండితుని పేరుకు ముందు చేరుతుంది, అంతటితో సరి. అగ్రహారమైతే అతడు నిశ్చింతగా చదువుకోవడానికి, శిష్యులకు చదువు చెప్పడానికి కావలసిన జీవనాధారాన్ని సమకూరుస్తుంది. అంటే గుర్తింపు, తోడ్పాటు అనే రెండూ ఒకే దానంలో ఇమిడి ఉండేవి. ఆధునిక కాలంలో ఈ రెండూ విడిపోయాయి. పురస్కారం ఒక చోట, శిక్షణ మరొక చోట, జీతభత్యాలు ఇంకొక చోట నిర్ణయమవుతున్నాయి. సిరిసిల్ల, వేములవాడల నడుమ ఉన్న ప్రభుత్వ డిగ్రీ కళాశాల, 2021లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల రెండూ అగ్రహారం అనే పేరున్న గ్రామంలోనే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే ఆ పేరు పాత బంధాన్ని గుర్తుచేస్తుంది.

3. హనుమాజీపేట నుండి ఉస్మానియాకు - ఆచార్య సి. నారాయణరెడ్డి:

ఈ ప్రాంతం నుండి వచ్చిన విశ్వవిద్యాలయాచార్యులలో మొదట చెప్పుకోవలసినవారు ఆచార్య సింగిరెడ్డి నారాయణరెడ్డి. వేములవాడకు చేరువలోని హనుమాజీపేటలో 1931 జూలై 29న రైతు కుటుంబంలో జన్మించారు. వీధిబడిలో అక్షరాలు దిద్ది, సిరిసిల్లలో మాధ్యమిక విద్య, కరీంనగర్‌లో ఉన్నత పాఠశాల విద్య పూర్తిచేశారు. పట్టభద్రులయ్యేవరకు వారి చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. బాల్యంలో తెలుగు వారికి పాఠ్యపుస్తకంకన్నా హరికథల ద్వారా, జానపద గేయాల ద్వారానే ఎక్కువగా అందింది. ఒగ్గుకథకు దేశవిదేశాలలో పేరు తెచ్చిన మిద్దె రాములు కూడా ఆ ఊరివారే కావడం, అక్కడి మౌఖిక సంప్రదాయ బలానికి నిదర్శనం.

1954లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుండి తెలుగు ఎం.ఏ. పట్టా పొందిన నారాయణరెడ్డి సికింద్రాబాదు ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలలో, నిజాం కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, అనంతరం ఉస్మానియా విశ్వవిద్యాలయ తెలుగుశాఖలో చేరారు. 1962లో 'ఆధునికాంధ్ర కవిత్వము - సంప్రదాయములు, ప్రయోగములు' అనే పరిశోధనకు డాక్టరేటు లభించింది. 1976లో ఆచార్య పదవి అందుకున్నారు.

ఈ పరిశోధనగ్రంథం స్థానాన్ని బోధనా దృష్టితో అంచనా వేయవలసి ఉంది. 1956లో బిరుదురాజు రామరాజుకు తెలుగు జానపద గేయసాహిత్యంపై పరిశోధనకు ఉస్మానియా డాక్టరేటు ఇచ్చింది. విశ్వవిద్యాలయ పరిశోధనకు ప్రాచీన కావ్యాలే వస్తువన్న భావన నుండి ఆ శాఖ బయటపడటానికి అది దారితీసింది. నారాయణరెడ్డి పరిశోధన ఆధునిక కవిత్వాన్ని తరగతి గదిలోకి సాధికారంగా తీసుకొచ్చింది. భావకవిత్వం, అభ్యుదయ కవిత్వం వంటి ఉద్యమాలను ఒక క్రమంలో, సంప్రదాయ ప్రయోగాల సంబంధంతో వివరించే చట్రం అధ్యాపకులకు దొరికింది. తరువాతి తరాలకు ఆధునిక కవిత్వాన్ని బోధించినవారిలో ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకోనివారు అరుదు. ఒక అధ్యాపకుని పరిశోధన తోటి అధ్యాపకులకు బోధనోపకరణమైన సందర్భం ఇది.

నారాయణరెడ్డికి లభించిన గౌరవాలు అనేకం. 'మంటలూ మానవుడూ' కవితాసంపుటికి 1973లో సాహిత్య అకాడమి పురస్కారం, 1977లో పద్మశ్రీ, 'విశ్వంభర' కావ్యానికి 1988 సంవత్సరపు జ్ఞానపీఠం, 1992లో పద్మభూషణ్ వరించాయి. తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ తరువాత జ్ఞానపీఠం పొందిన రెండవ కవి వారు. ఈ జాబితాను నిశితంగా చూస్తే ఒక సత్యం బోధపడుతుంది. విశ్వనాథ సత్యనారాయణ వలెనే సినారె కూడా వృత్తిరీత్యా అధ్యాపకులు. కాని ఇరువురినీ లోకం కవులుగానే సత్కరించింది. దశాబ్దాల బోధన వారి జీవితచరిత్రలలో ఒక వాక్యంగా మిగిలింది. పురస్కారం గ్రంథానికి లభిస్తుంది. పాఠం గాలిలో కలిసిపోతుంది. విన్న విద్యార్థి జ్ఞాపకంలో తప్ప దానికి ఆధారం ఉండదు. అధ్యాపక కృషి గుర్తింపులో మొదటి చిక్కు ఇక్కడే ఉంది.

4. సార్వత్రిక విశ్వవిద్యాలయం - బోధనను మళ్ళీ నేర్చుకున్న సందర్భం:

1982 ఆగస్టులో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఈ తరహా విశ్వవిద్యాలయాలలో ఇదే మొదటిది. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. దీని తొలి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి నాటి కరీంనగర్ జిల్లా మైలారం గ్రామానికి చెందిన రాజనీతి శాస్త్రవేత్త. అంతకుముందు ఉస్మానియా ఉపకులపతిగా పనిచేసిన ఆయన, 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతిగా వెళ్ళారు. ఆ తరువాత సార్వత్రిక విశ్వవిద్యాలయ బాధ్యతలను 1985 నుండి 1989 వరకు సినారె నిర్వహించారు. అంటే దేశపు మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని తొలి ఏడేళ్ళు నడిపిన ఉపకులపతులు ఇద్దరూ పాత కరీంనగర్ జిల్లా పల్లెల నుండి వచ్చినవారే.

ఈ విశ్వవిద్యాలయం అధ్యాపక వృత్తిలో తెచ్చిన మార్పు గణనీయమైనది. సంప్రదాయ కళాశాలలో ఉపన్యాసం అధ్యాపకుని సొంతం. తలుపు మూసుకుంటే లోపల ఏమి చెప్పాడో మరొకరికి తెలియదు. సార్వత్రిక విధానంలో పాఠం అచ్చులోకి వస్తుంది. ఒకరు రాసిన పాఠాన్ని విషయ నిపుణుడు, భాషా సంపాదకుడు పరిశీలిస్తారు. ఎదుట గురువు లేని విద్యార్థికి అర్థమయ్యేలా పాఠ్యాంశాన్ని చిన్న భాగాలుగా విడగొట్టాలి. ఆరంభంలో లక్ష్యాలు చెప్పాలి. నడుమ నడుమ స్వయంపరీక్షకు ప్రశ్నలు ఇవ్వాలి. ఏళ్ళ తరబడి ఉపన్యసించిన ఆచార్యులు కూడా ఈ పద్ధతిని కొత్తగా అభ్యసించవలసి వచ్చింది. రేడియో పాఠాలకు మరొక రకమైన అభ్యాసం అవసరమైంది. ఇక అధ్యయన కేంద్రాలలో సెలవు రోజుల్లో తరగతులు నిర్వహించిన కళాశాల అధ్యాపకులకు తమకన్నా వయసులో పెద్దవారు, ఉద్యోగులు, గృహిణులు, బడి చదువు లేకుండానే అర్హతపరీక్ష ద్వారా వచ్చినవారు విద్యార్థులుగా ఎదురయ్యారు. ఆ కేంద్రాలు అధ్యాపకులకు కూడా ఒక విధమైన శిక్షణశాలలే.

రాంరెడ్డి 1991 నుండి 1995 వరకు విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1994లో, జాతీయ మదింపు, గుర్తింపు మండలి ఏర్పడింది. కళాశాలలో బోధన, అభ్యసనం ఎలా సాగుతున్నాయో పరిశీలించి మదింపు చేసే పద్ధతి దేశంలో అప్పటినుండే స్థిరపడింది. కరీంనగర్ పల్లె నుండి వచ్చిన అధ్యాపకుడొకరు దేశ అధ్యాపక వృత్తి నిబంధనలను ప్రభావితం చేయగల స్థానానికి చేరుకోవడం ఈ చరిత్రలో ముఖ్యఘట్టం.

5. మాధ్యమం మారినప్పుడు - కళాశాల అధ్యాపకులు, తెలుగు అకాడమి:

జగిత్యాల ఎస్.కె.ఎన్.ఆర్. ప్రభుత్వ కళా, విజ్ఞానశాస్త్ర కళాశాల ఈ ప్రాంతంలో డిగ్రీ చదువును గ్రామీణ విద్యార్థికి చేరువ చేసిన పాత సంస్థలలో ఒకటి. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు, మళ్ళీ 2008లో కరీంనగర్ కేంద్రంగా శాతవాహన విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, ఇక్కడి కళాశాలలకు మాతృసంస్థ మారింది. అలా మారిన ప్రతిసారీ పాఠ్యప్రణాళిక, పరీక్షావిధానం మారతాయి. వాటికి తగ్గట్టు అధ్యాపకుడూ మారాలి.

అంతకన్నా లోతైన మార్పు భాషాసంబంధమైనది. ఉర్దూలో చదువుకున్న తరం, ఆంగ్లంలో పట్టా పుచ్చుకున్న తరం తెలుగులో అర్థశాస్త్రమో భౌతికశాస్త్రమో చెప్పవలసి వచ్చింది. తాము ఏ భాషలో నేర్చుకున్నారో ఆ భాషలో బోధించే సౌకర్యం వారికి లేదు. పారిభాషిక పదాలు లేవు. పాఠ్యగ్రంథాలు లేవు. ఈ లోటును పూరించడానికి 1968 ఆగస్టు 6న తెలుగు అకాడమి స్థాపితమైంది. నాటి విద్యామంత్రి, అప్పటి కరీంనగర్ జిల్లా వంగరకు చెందిన పి.వి. నరసింహారావు దీనికి వ్యవస్థాపక అధ్యక్షులు. అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాలు, పారిభాషిక పదకోశాలు రాసినవారు, అనువదించినవారు, సరిచూసినవారు అధిక సంఖ్యలో కళాశాల, విశ్వవిద్యాలయ అధ్యాపకులే. ఒక శాస్త్రభావనకు తెలుగు మాట వెతకాలంటే ముందు ఆ భావన తనకు స్పష్టం కావాలి. ఈ రకంగా గ్రంథరచన ఆ తరానికి శిక్షణ అయింది. దానికి ధ్రువపత్రం లేదు, పదోన్నతిలో లెక్క లేదు. ఫలితం మాత్రం తెలుగు మాధ్యమంలో చదివిన ప్రతి విద్యార్థికీ అందింది.

ఎల్లారెడ్డిపేట మండలం నారాయణపూర్‌కు చెందిన డాక్టర్ నలిమెల భాస్కర్ కృషిని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. తెలుగు అధ్యాపకులైన ఆయన పలు భారతీయ భాషలు నేర్చి అనువాదాలు చేశారు. పునత్తిల్ కుంజబ్దుల్లా మలయాళ నవలను 'స్మారక శిలలు'గా తెనిగించినందుకు సాహిత్య అకాడమి అనువాద పురస్కారం లభించింది. ఆయన కూర్చిన తెలంగాణ పదకోశం బోధనకు మరింత దగ్గరి కృషి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాట తప్పు కాదని, దానికీ నిఘంటువులో చోటుందని చెప్పగలిగే ఆధారం ఉపాధ్యాయునికి ఆ కోశంతో దొరికింది. తరగతిలో తన యాసను దాచుకోవలసి వచ్చిన విద్యార్థులున్న ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు.

6. పొలాస - పొలమే తరగతి గది:

జగిత్యాల పక్కనే ఉన్న పొలాసలో వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాంతీయ పరిశోధనాస్థానం ఉంది. ఉత్తర తెలంగాణ మండలానికి ఇది కేంద్రం. వ్యవసాయ విశ్వవిద్యాలయాల నిర్మాణంలో బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే గొడుగు కింద ఉంటాయి. నేడు పరిశోధనాస్థానంలో శాస్త్రవేత్తగా ఉన్నవారు రేపు బదిలీపై కళాశాలలో అధ్యాపకులవుతారు. ఇదే ప్రాంగణంలో 2008లో వ్యవసాయ కళాశాల ప్రారంభం కావడంతో ఈ మూడు పనుల సంబంధం మరింత దగ్గరైంది.

ఈ స్థానం పేరును ఊరూరా చేర్చింది ఒక వరి రకం. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి నాణ్యమైన సన్నబియ్యానికి పెట్టింది పేరు. కాని దాని పంటకాలం సుమారు 150 రోజులు. పైగా ఈ ప్రాంతంలో వరిని పీడించే ఉల్లికోడును అది తట్టుకోలేదు. వరంగల్ పరిశోధనాస్థానపు కావ్య రకానికి ఉల్లికోడును తట్టుకొనే గుణం ఉంది. ఈ రెండింటి సంకరం నుండి పొలాస శాస్త్రవేత్తలు జె.జి.ఎల్. 1798 అనే రకాన్ని రూపొందించారు. రైతుల నోట అది 'జగిత్యాల సన్నాలు' అయింది. గింజ సన్నం, కాలం సుమారు 120 రోజులు, ఉల్లికోడుకు లొంగదు. కాలువ నీళ్ళు ఆలస్యంగా వచ్చిన ఏడాది నెల రోజుల పంటకాలం కలిసిరావడం రైతుకు ఎంత ఊరటో వేరే చెప్పనక్కరలేదు. పొలాస ప్రభ, బతుకమ్మ, జగిత్యాల రైస్-1 వంటి రకాలు కూడా ఇక్కడివే.

గుర్తింపు దృష్ట్యా ఇక్కడ ఒక విశేషం ఉంది. ఒక వరి రకం వెనుక సంకరణం చేసినవారు, ఏళ్ళ తరబడి వరుసలను ఎంపిక చేసినవారు, చీడపీడల పరీక్షలు జరిపినవారు, రైతుల పొలాల్లో చిరుసంచుల ప్రదర్శనలు నిర్వహించినవారు ఉంటారు. ఇది ఒక్కరి ఘనత కాదు. అందుకే ఆ పంట ఏ శాస్త్రవేత్త పేరునూ మోయలేదు, ఊరి పేరు మోసింది. విశ్వవిద్యాలయ అధ్యాపకుల కృషికి ప్రజలు ఇచ్చిన గుర్తింపులలో ఇంత నిష్కపటమైనది మరొకటి కనిపించదు. ఏ సభా లేకుండా, శాలువా లేకుండా, విత్తన దుకాణంలో రైతు అడిగి తీసుకున్న పేరది.

వ్యవసాయ విద్యార్థులు చివరి సంవత్సరంలో గ్రామాల్లో రైతులతో గడిపే గ్రామీణ అనుభవ కార్యక్రమం బోధనకు మరో పార్శ్వం. దాన్ని పర్యవేక్షించే అధ్యాపకునికి పాఠ్యపుస్తకంలో లేని ప్రశ్నలు రైతు నుండి ఎదురవుతాయి. వాటికి జవాబు వెతకడమే అతని వృత్తివికాసం.

7. కోరుట్ల, కొండగట్టు - కొత్త కళాశాలలు, యువ అధ్యాపకులు:

2007లో కొండగట్టు సమీపంలోని నాచుపల్లిలో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, 2008లో కోరుట్లలో పశువైద్య కళాశాల మొదలయ్యాయి. రాష్ట్ర విభజన అనంతరం కోరుట్ల కళాశాల పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది.

పశువైద్య విద్యలో బోధనకు వైద్యశాల తప్పనిసరి. గొర్రెలు, మేకలు, బర్రెలు పెంచుకొనేవారు తమ జీవాలను చికిత్సకు తెచ్చినప్పుడు, అధ్యాపకుడు ఒకే సమయంలో వైద్యుడు, గురువు. రోగనిర్ధారణను విద్యార్థికి శాస్త్రభాషలో వివరిస్తూనే, జీవం యజమానికి అతని మాటలో చెప్పాలి. ఈ రెండు భాషల మధ్య రాకపోకలు చేయగల నేర్పు ఏ నియామక పరీక్షలోనూ కొలవరు. అది పక్కనున్న అనుభవజ్ఞుణ్ణి చూసి అలవరచుకోవలసిందే. పాత సంస్థలలో యువ అధ్యాపకునికి అటువంటి పెద్దలు దొరుకుతారు. కొత్తగా వెలసిన జిల్లా కళాశాలలో అంతా దాదాపు ఒకే వయసువారైతే, లేదా పోస్టులు ఖాళీగా ఉంటే, ఆ పరంపర తెగిపోతుంది. కొత్త కళాశాలకు భవనంకన్నా ముందు కావలసింది ఈ పరంపర.

8. వృత్తివికాస వ్యవస్థ - ఒక చరిత్ర:

పాఠశాల ఉపాధ్యాయునికి శిక్షణ అవసరమని ఏనాడో గుర్తించిన దేశం, కళాశాల అధ్యాపకునికి విషయపరిజ్ఞానం ఉంటే చాలునని చాలాకాలం భావించింది. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్ పునశ్చరణ తరగతుల ఆవశ్యకతను ప్రస్తావించింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ కొత్తగా చేరే అధ్యాపకులకు పరిచయ శిక్షణ ఉండాలన్నది. 1986 జాతీయ విద్యావిధానం తరువాతనే, 1987లో, విశ్వవిద్యాలయ నిధుల సంఘం అకడమిక్ స్టాఫ్ కళాశాలల పథకాన్ని అమలులోకి తెచ్చింది. హైదరాబాదులోని విశ్వవిద్యాలయాలలో ఏర్పడిన ఈ కేంద్రాలే ఉత్తర తెలంగాణ అధ్యాపకులకు దిక్కయ్యాయి. కొత్తవారికి నాలుగు వారాల పరిచయ శిక్షణ, అనుభవజ్ఞులకు మూడు వారాల పునశ్చరణ తరగతులు వీటి ప్రధాన కార్యక్రమాలుగా ఉండేవి. తరువాత ఇవి మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా, 2023 నుండి మాలవీయ మిషన్ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రాలుగా పేరు మార్చుకున్నాయి. వ్యవసాయ శాస్త్రవేత్తలకు 1976లో రాజేంద్రనగర్‌లో ఏర్పడిన జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమి ఇటువంటి సేవలే అందిస్తున్నది.

ఈ శిక్షణల మేలు కాదనలేనిది. ఒంటరిగా పనిచేసే కళాశాల అధ్యాపకునికి తన విషయంలోని కొత్త గ్రంథాలు, కొత్త సిద్ధాంతాలు, ఇతర రాష్ట్రాల సహోద్యోగులు పరిచయమయ్యే చోటు అదే. అయితే మూడు పరిమితులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది దూరం. వారాల తరబడి హైదరాబాదులో ఉండటం పసిపిల్లలున్న అధ్యాపకురాలికి, ఆ విషయానికి ఒక్కరే ఉన్న చిన్న కళాశాల అధ్యాపకునికి సులభం కాదు. 2020 తరువాత విస్తరించిన ఆన్‌లైన్ శిక్షణ ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది. రెండవది ప్రయోజనం. పదోన్నతికి శిక్షణ తప్పనిసరి నియమమైనప్పుడు, ధ్రువపత్రమే గమ్యమై నేర్చుకోవడం వెనుకబడే ప్రమాదం ఉంది. మూడవది పరిధి. గంటల లెక్కన పారితోషికం పొందే అతిథి అధ్యాపకుల మీద ప్రభుత్వ కళాశాలల బోధన గణనీయంగా ఆధారపడి ఉంది. పాఠం చెప్పని రోజుకు రాబడి లేనివారు వారాలపాటు శిక్షణకు ఎలా వెళ్ళగలరు? పదోన్నతి నిచ్చెనే లేనివారికి పదోన్నతి కోసం రూపొందిన శిక్షణ ఏ విధంగా వర్తిస్తుంది? విద్యార్థి దృష్టిలో మాత్రం శాశ్వత అధ్యాపకుడు, అతిథి అధ్యాపకుడు అన్న భేదం లేదు. ఎదుట నిలబడి పాఠం చెప్పినవారే గురువు.

9. గుర్తింపులోని లోటు:

సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినమైన సెప్టెంబరు 5ను 1962 నుండి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన 1931-36 మధ్య ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా ఉన్న విశ్వవిద్యాలయాచార్యులు. విచిత్రమేమిటంటే 1958లో పాఠశాల ఉపాధ్యాయులకు మొదలైన జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల పరిధిలోకి ఉన్నత విద్యాసంస్థల అధ్యాపకులు 2023లో వచ్చారు. అరవై ఐదేళ్ళ ఈ వ్యవధి, ఉన్నత విద్యలో బోధనను ప్రత్యేకంగా గౌరవించదగిన పనిగా చూడటానికి ఎంత కాలం పట్టిందో తెలుపుతుంది.

నిబంధనలలో కూడా ఇదే ఊగిసలాట. 2010 నాటి నిబంధనలు అధ్యాపకుని పనిని పాయింట్లుగా లెక్కించాయి. ప్రచురణకు పాయింట్లు సులభంగా లెక్కకు వస్తాయి కనుక, నాణ్యతలేని పత్రికలలో వ్యాసాలు పెరిగాయన్న విమర్శ వచ్చింది. 2018 నిబంధనలు ఆ పద్ధతిని సవరించి, కేటాయించిన తరగతులలో ఎన్ని నిర్వహించారన్నదాన్ని ప్రధాన కొలమానం చేశాయి. 80 శాతం, ఆపైన ఉంటే మంచి స్థాయి. ఇది బోధన వైపు వేసిన అడుగే. కాని తరగతుల సంఖ్య చెప్పగలదు గాని, ఆ తరగతిలో మగ్గం మీద పనిచేసి వచ్చిన సిరిసిల్ల విద్యార్థికి ఒక పద్యం అర్థమైందో లేదో చెప్పలేదు.

10. ముగింపు:

పై పరిశీలన ఆధారంగా ఈ కింది అంశాలు తేలుతున్నాయి.

1. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు విశ్వవిద్యాలయ అధ్యాపకుల ఘనత కవిత్వం, పరిశోధన, పరిపాలన రంగాలలో గుర్తింపు పొందింది. వారి బోధన చరిత్రకెక్కలేదు.

2. అధ్యాపకులు బోధనలో ఎదిగిన ప్రధాన సందర్భాలు శిక్షణకేంద్రాలలోనే కాక పనిలో కూడా ఉన్నాయి. సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠరచన, తెలుగు అకాడమి గ్రంథరచన, పొలాస పొలం, కోరుట్ల పశువైద్యశాల ఇందుకు ఉదాహరణలు. ఇవన్నీ నలుగురు కలిసి చేసిన పనులు కావడం గమనార్హం.

3. కనుక వృత్తివికాసాన్ని జిల్లాస్థాయికి తేవడం అవసరం. సాంకేతిక, వ్యవసాయ, పశువైద్య, సాధారణ డిగ్రీ కళాశాలలు దాదాపు గంట ప్రయాణ దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో, ఒకరి తరగతిని మరొకరు చూసి చర్చించుకొనే వేదిక ఏర్పాటు కష్టసాధ్యం కాదు. అందులో అతిథి అధ్యాపకులకు పారితోషికంతో సహా చోటు ఉండాలి.

4. విశ్రాంత అధ్యాపకుల బోధనానుభవాలను మౌఖికచరిత్రగా నమోదు చేయాలి. ఉర్దూలో చదివి తెలుగులో బోధించిన తరం కనుమరుగవుతున్నది. వారితోపాటు ఆ అనుభవమూ పోతుంది.

సినారె 2017 జూన్ 12న కన్నుమూశారు. వారి కావ్యాలు గ్రంథాలయాలలో ఉన్నాయి. వారి పాఠాలు మాత్రం విన్న విద్యార్థుల వద్దనే ఉన్నాయి. నాటి విద్యార్థులు నేడు వార్ధక్యంలో ఉన్నారు. వారిని అడిగి రాసుకోవలసిన సమయమిది. వేములవాడ ప్రభువు తన కవికిచ్చిన గౌరవం గుట్టమీది రాతిలో వెయ్యేళ్ళకు పైగా నిలిచింది. తరగతి గదిలో పాఠం చెప్పినవారికి కనీసం కాగితం మీదనైనా చోటు కల్పించడం నేటి విశ్వవిద్యాలయాల బాధ్యత.